ఇంట్లో తీసుకున్న స్వీయచిత్రాల మీద అభిప్రాయం అడగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లోనే, ఫోన్‌తోనో పాత కెమెరాతోనో తమ ఫోటో తామే తీసుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మిగతా ఫోటోల మీద అభిప్రాయం అడగడం వేరు, ఇది వేరు. కొండ ఫోటో బాగాలేదంటే కొండ నొచ్చుకోదు. ఇక్కడ తీసిందీ మనమే, ఫోటోలో ఉన్నదీ మనమే. అందుకని చూసేవాళ్ళు మొహమాటానికి పొగిడేసి ఊరుకుంటారు, లేదంటే ఫోటోని వదిలేసి మనిషి గురించి మాట్లాడతారు. ఆ మాటని మనిషి మీద నుంచి ఫోటో మీదకి మళ్ళించడమే అసలు పని. అది అడిగేవాళ్ళ చేతుల్లోనే ఉంది.

సెల్ఫీకీ స్వీయచిత్రానికీ తేడా ఏంటి?

చెయ్యి చాచి తీసుకున్నంత మాత్రాన తక్కువదీ కాదు, ట్రైపాడ్ మీద పెట్టినంత మాత్రాన గొప్పదీ కాదు. ఫ్రేమ్‌లో ఏం ఉండాలి, వెలుతురు ఎటు నుంచి రావాలి, ఏం కనపడకూడదు అని ముందే ఆలోచించి తీసుకుంటే అది స్వీయచిత్రం. అలా ఆలోచించారు కాబట్టే దాని గురించి ఎవరినైనా అడగడానికి అర్థం ఉంటుంది.

ఇది ఫోన్లతో పాటు పుట్టిన సరదా కూడా కాదు. 1839లో ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కొర్నీలియస్ తమ దీపాల దుకాణం వెనక కెమెరా పెట్టుకుని, దాని ముందు కదలకుండా ఉండి తన ఫోటో తానే తీసుకున్నాడు. జైపూర్ మహారాజు రెండో సవాయి రామ్‌సింగ్ 19వ శతాబ్దంలోనే పూజలో కూర్చున్న శివభక్తుడిలా తన ఫోటోలు తీసుకున్నాడు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ అయితే దాదాపు అరవై ఏళ్ళు తనని తాను తీసుకుంటూనే ఉన్నాడు. ఇంటి గదులు, కుటుంబం, తన శరీరం, ఇవే ఆయన ఫోటోలకి వస్తువులు. ఇంట్లో తీసుకోవడం మొదలుపెట్టినవాళ్ళు ముందుగా ఆయన ఫోటోలు వెతికి చూడాలని నా సలహా. నాలుగు గోడల మధ్య ఎంత చెయ్యొచ్చో అర్థమవుతుంది.

ఫోటో పంపితే "సూపర్", "నైస్" తప్ప ఇంకేమీ రావట్లేదు. ఏం చెయ్యాలి?

"ఎలా ఉంది?" అని అడగడం మానెయ్యండి. ఆ ప్రశ్నకి మర్యాద తెలిసిన మనిషి చెప్పగలిగే జవాబు ఒక్కటే. దాని బదులు, జవాబు చెప్పాలంటే ఫోటో వైపు మళ్ళీ చూడక తప్పని ప్రశ్న వెయ్యండి. నీ కన్ను మొదట ఎక్కడ ఆగింది? ఇందులోంచి ఒక్క వస్తువు తీసెయ్యమంటే ఏది తీస్తావు? ఇందులో ఉన్న మనిషి అప్పుడే ఏం పని ముగించినట్టు ఉంది? ఇలాంటివి.

నాకు తెలిసిన ఒకావిడ వంటగదిలో కిటికీ పక్కన కూర్చుని, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ తన ఫోటో తీసుకుంది. చుట్టాలకి పంపితే అందరూ దండాలూ గుండె బొమ్మలూ పెట్టారు. అదే ఫోటో పిన్ని కూతురికి ఫోన్‌లో చూపించి, "నీ కన్ను ముందు ఎక్కడికి పోయిందే?" అని అడిగింది. "స్టీలు డబ్బాల మీదకి అక్కా. ఆ చివరి డబ్బా మీద కిటికీ మెరుస్తోంది చూడు. తర్వాత నీ చేతులు. మొహం ఆఖర్న చూశాను" అంది ఆ పిల్ల. ఆవిడ తీసుకున్నదే చేతుల కోసం. ఆవిడ డబ్బాలు పక్కకి జరిపి, పీట అర అడుగు కిటికీ వైపు లాక్కుని మళ్ళీ తీసుకుంది. ఈసారి వేళ్ళ మధ్య ఈనె వెలుతురులో సన్నగా కనపడింది, డబ్బాలు నీడలోకి పోయాయి. మొదటి ఫోటోకి వచ్చిన గుండె బొమ్మలన్నీ కలిపినా పీట ఎటు జరపాలో చెప్పలేకపోయాయి. ఒక్క ప్రశ్న చెప్పింది.

కాస్త ఎక్కువసేపు కూర్చుని మాట్లాడుకునే వీలుంటే ఇంకో పద్ధతి ఉంది. అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990ల్లో తయారుచేసింది. ముందు చూసినవాళ్ళు అందులో తమని తాకిందేంటో చెప్తారు. తర్వాత తీసినవాళ్ళు తమ సందేహాలు అడుగుతారు. ఆపైన చూసినవాళ్ళు ప్రశ్నలు అడుగుతారు. అయితే ఆ ప్రశ్నల్లో తీర్పు దాగి ఉండకూడదు. "ఇంత చీకటి ఎందుకు పెట్టావ్?" అనకూడదు, "వెలుతురు గురించి ఏమనుకుని తీశావ్?" అనాలి. చివరగా, అనుమతి అడిగి మాత్రమే అభిప్రాయం చెప్తారు. నృత్యం చుట్టూ పుట్టినా స్వీయచిత్రాలకి ఇది బాగా నప్పుతుంది. నృత్యంలో కూడా పనీ, మనిషి శరీరం విడదీయలేనట్టు ఉంటాయి కదా. మన ఇళ్ళల్లో నాలుగు మెట్లూ పాటించడం కష్టం. "ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పండి, తర్వాత మీ అభిప్రాయం" అన్న ఒక్క నియమం పెట్టుకున్నా చాలా మార్పు వస్తుంది.

ఎవరిని అడగాలి? ఇంట్లోవాళ్ళు పనికొస్తారా?

ఒక్క ప్రశ్నకి ఇంట్లోవాళ్ళని మించినవాళ్ళు లేరు: "ఇది నాలా ఉందా?" మీరు నిజంగా దిగులుగా కూర్చున్నప్పుడు ఎలా ఉంటారో, కెమెరా కోసం దిగులు పెట్టుకుంటే ఎలా ఉంటారో అమ్మకి ఇట్టే తెలిసిపోతుంది. కానీ అమ్మ ఫోటోని చూడదు, మిమ్మల్ని చూస్తుంది. "చిక్కిపోయావేంటమ్మా" అంటుంది. దాన్ని అభిప్రాయంగా కాదు, ప్రేమగా తీసుకుని ముందుకు పొండి.

ఫోటోగ్రఫీ తెలిసిన స్నేహితులు ఫోకస్, లెన్స్, నాయిస్ (ఫోటోలో ఇసక చల్లినట్టు కనపడే చుక్కలు) దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. నన్ను అడిగితే, మీకు బాగా దగ్గర కానివాళ్ళు, కానీ చూపు మీద మీకు గౌరవం ఉన్నవాళ్ళు అందరికంటే నయం. బొమ్మలు వేసేవాళ్ళు, నాటకాలు వేసేవాళ్ళు, మీ జాకెట్లు కుట్టే టైలరైనా సరే. బట్ట ముడత ఎక్కడ పడిందో, భుజం ఎందుకు ఎత్తుగా కనిపిస్తోందో టైలర్ చెప్పినంత సూటిగా చాలామంది ఫోటోగ్రాఫర్లు చెప్పలేరు.

ఒకేసారి ఎన్ని చూపించాలి?

రెండో మూడో. ఇరవై పంపితే వాళ్ళు ఏరుతారు, చూడరు. ఒకే చోట ఒకే బట్టల్లో తీసినవి రెండు పక్కపక్కన పెట్టి "ఏది, ఎందుకు?" అంటే జవాబులో సరుకు ఉంటుంది.

నాకు బాగా నచ్చిన ఫోటో మా వాళ్ళకి నచ్చదు. వాళ్ళకి నచ్చింది నాకు నచ్చదు. ఎవరు రైటు?

ఇద్దరూ రైటే. మీ ముఖాన్ని మీరు అద్దంలో చూస్తూ పెరిగారు. మిగతావాళ్ళు నేరుగా చూస్తూ పెరిగారు. అద్దంలో కుడి ఎడమ తారుమారవుతుంది, ఎవరి ముఖమూ రెండు వైపులా అచ్చం ఒకేలా ఉండదు. 1977లో అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. ఒకే ఫోటోని మామూలుగా ఒకటి, తిరగేసి ఒకటి చూపిస్తే, ఫోటోలో ఉన్నవాళ్ళు ఎక్కువగా అద్దంలో కనిపించే రూపాన్ని ఎంచుకున్నారు. వాళ్ళ స్నేహితులు మామూలుదాన్ని ఎంచుకున్నారు. రోజూ చూసేదే మనకి ఇష్టంగా అనిపిస్తుంది.

కాబట్టి మీ ఫోటో మీకే వింతగా అనిపిస్తే వెంటనే డిలీట్ చెయ్యకండి. ఎడిటింగ్‌లో ఒకసారి అడ్డంగా తిప్పి చూడండి. తిప్పగానే మనసు కుదుటపడితే లోపం ఫోటోలో లేదు. ఫోన్ ముందు కెమెరా తెరమీద అద్దంలా చూపించి, సేవ్ చేసేటప్పుడు మామూలుగా తిప్పేస్తుంటే కూడా ఈ గందరగోళం వస్తుంది. సెట్టింగ్స్‌లో దాన్ని మార్చుకోవచ్చు.

"ముక్కు పెద్దగా వచ్చింది" అన్నారు. లెన్స్ తప్పా?

దూరం తప్పు. కెమెరా దగ్గరికొస్తే దానికి ముందున్న ముక్కు పెరుగుతుంది, వెనకున్న చెవులు తగ్గుతాయి. 2018లో అచ్చైన ఒక అమెరికా అధ్యయనం లెక్క కట్టింది. 12 అంగుళాల దూరం నుంచి తీసిన ఫోటోలో ముక్కు వెడల్పు, 5 అడుగుల నుంచి తీసినదానికంటే దాదాపు 30 శాతం ఎక్కువగా కనపడుతుందట. ఫోన్‌ని పుస్తకాల దొంతి మీద ఆనించి, ఐదారు అడుగులు వెనక్కి జరిగి, వెనక కెమెరాతో టైమర్ పెట్టి తీసుకోండి. మరీ చిన్నగా వస్తే తర్వాత క్రాప్ చేసుకోవచ్చు. ఆ మాట అన్నవాళ్ళ మీద కోపం పెట్టుకోకండి. వాళ్ళు గమనించింది నిజమే, కారణం మాత్రం మీ ముఖం కాదు.

అందరూ వెలుతురు గురించే ఎందుకంటారు? మా ఇంట్లో లైట్లు సరిపోవా?

లైట్లు ఎక్కువయ్యాయి కాబట్టి అంటారు. మన ఇళ్ళల్లో గదిలోకి అడుగుపెట్టగానే ట్యూబ్‌లైట్ వేసే అలవాటు. పగలు కిటికీ వెలుతురు, పైనుంచి ట్యూబ్‌లైట్, పక్కన పసుపుపచ్చ బల్బు, మూడూ కలిస్తే ముఖం మీద మూడు రంగులు పడతాయి. ఒక చెంప నీలంగా, నుదురు పసుపుగా వస్తుంది. చూసేవాళ్ళకి కారణం తెలియక "ఏదో తేడాగా ఉంది" అంటారు. ముందు అన్ని స్విచ్‌లూ ఆపండి. ఒక్క కిటికీ, లేదా వాకిలి గుమ్మం చాలు.

గుమ్మం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మిట్టమధ్యాహ్నం కూడా గడపకి ఒక అడుగు లోపల నిలబడి బయటికి చూస్తే ముఖం మీద మెత్తటి వెలుతురు పడుతుంది, వెనక గది చీకటిగా ఉండిపోతుంది. స్టూడియోలో ఖర్చుపెట్టి తెచ్చుకునే వెలుతురు అది. లోపలికి వెళ్ళేకొద్దీ అది ఎంత తొందరగా పడిపోతుందో గమనించండి. చిన్న దీపం దగ్గరైతే దూరం రెట్టింపైనప్పుడు వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. కిటికీ, గుమ్మం పెద్దవి కాబట్టి దగ్గర్లో అంత వేగంగా తగ్గదు, కానీ రెండడుగుల తేడాకే ఫోటో మారిపోతుంది. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి తెల్ల పంచె కట్టండి. ముఖంలో రెండో సగం మరీ చీకటైతే అటు వైపు థర్మోకోల్ షీటు నిలబెట్టండి.

గోడ రంగు కూడా ముఖం మీదకి వస్తుంది. ఆకుపచ్చ గోడకి ఆనుకుని తీసుకుంటే దవడ కింద ఆకుపచ్చ నీడ ఉంటుంది. గోడకి మూడడుగులు ముందుకి జరిగితే చాలావరకు పోతుంది. రాత్రిపూట ఎల్ఈడీ కింద తీస్తే కొన్నిసార్లు అడ్డచారలు వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని బల్బులు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. షట్టర్ స్పీడ్, అంటే కెమెరా వెలుతురుని లోపలికి తీసుకునే సమయం, సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెడితే చారలు తగ్గుతాయి.

తెల్లగోడ ముందు తీసుకుంటే నా ముఖం నల్లబడిపోతోంది. ఒంటి రంగు వల్లేనా?

కాదు. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం తెలుపు ఉంటే, దాన్ని మధ్యస్థంగా చూపించాలని కెమెరా మొత్తం ఫోటోని ముదురు చేస్తుంది. తెరమీద ముఖం ఉన్నచోట వేలితో నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరపండి. లేదా ముదురు రంగు దుప్పటి వెనక కట్టండి. ఛాయ తక్కువవాళ్ళకి ముదురు బ్యాక్‌గ్రౌండ్ చాలా అందంగా ఉంటుంది. "ఫెయిర్‌గా రావాలంటే ఇలా ఎడిట్ చెయ్యి" అనే సలహాని మాత్రం లెక్కలోకే తీసుకోకండి. అది ఫోటో గురించిన సలహా కాదు.

ఒక్కదాన్నే ఉంటాను, ఫోకస్ ఎవరు చూస్తారు?

మీరు నిలబడేచోట చీపురో కుర్చీయో పెట్టి, దాని మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ లాక్ అవుతుంది. నేల మీద సుద్దతో గీత గీసుకుని, పది సెకన్ల టైమర్ పెట్టి వెళ్ళి నిలబడండి. తర్వాత కంటి దగ్గర పెద్దది చేసి చూడండి. కళ్ళు షార్ప్‌గా లేకపోతే, అది కావాలని చేసింది కాకపోతే, ఎవరికీ పంపకముందే మళ్ళీ తీయండి. లేకపోతే అభిప్రాయాలన్నీ దాని దగ్గరే ఆగిపోతాయి.

ఎడిట్ చేసి పంపాలా, చెయ్యకుండానా?

వెలుతురు, క్రాప్, రంగు సరిచేసి పంపండి. అవి మీ నిర్ణయాలు, వాటి మీద కూడా అభిప్రాయం రావాలి. బ్యూటీ ఫిల్టర్ మాత్రం తీసెయ్యండి. చాలా ఫోన్లలో ముందు కెమెరాకి అది మీరు పెట్టకుండానే ఆన్‌లో ఉంటుంది, ఒకసారి సెట్టింగ్స్ చూసుకోండి. చర్మం ప్లాస్టిక్‌లా సాపు అయ్యాక వెలుతురు గురించి చెప్పడానికి ఏమీ మిగలదు. నీడ ఎలా పడిందో తెలిసేది చర్మం మీదే.

వాట్సాప్‌లో పంపితే పర్లేదా?

మామూలుగా పంపితే సైజు కుదించి పంపుతుంది, చిన్న వివరాలు పోతాయి. హెచ్‌డీ ఎంచుకోండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. కానీ డాక్యుమెంట్‌గా పంపితే ఫోటో ఫైల్లో దాగి ఉండే సమాచారం కూడా వెళ్తుంది. కెమెరాకి లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే మీ ఇల్లు ఎక్కడుందో కూడా అందులో ఉంటుంది. నమ్మకస్తులకైతే సరే, మిగతావాళ్ళకి పంపేముందు లొకేషన్ తీసెయ్యండి.

"కాస్త సన్నబడితే బాగుండేది", "ఈ వయసులో ఇవన్నీ ఏంటి" లాంటి మాటలు వస్తే?

వస్తాయి. ఆడవాళ్ళకి మరీ ఎక్కువగా వస్తాయి. అలాంటి మాట వచ్చినప్పుడు ఒక్కసారి ఫోటో వైపు మళ్ళించి చూడండి: "అది సరే వదినా, ఫ్రేమ్ గురించి చెప్పు, కింద చెయ్యి తెగిపోయినట్టు ఉందా?" నిజంగా సాయం చెయ్యాలని ఉన్నవాళ్ళు వెంటనే అటు వస్తారు. రెండోసారీ ఒంటి గురించే మాట్లాడితే ఆ మనిషికి ఇక చూపించకండి. సంజాయిషీ ఇవ్వక్కర్లేదు, వాదించక్కర్లేదు. మీ శరీరం ఎలా ఉండాలో మీరు వాళ్ళని అడగలేదు.

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది. విమర్శ తట్టుకోవాలి, చర్మం మందం చేసుకోవాలి అని చాలామంది చెప్తారు. స్వీయచిత్రాల విషయంలో ఆ సలహా తప్పు. చర్మం పల్చగా ఉన్నవాళ్ళే, చిన్న మార్పుని కూడా తమలో గమనించేవాళ్ళే, ఈ పని బాగా చెయ్యగలరు. అవమానాన్ని విమర్శ అనుకుని భరించడం వల్ల ఎవరి ఫోటోలూ బాగుపడలేదు. కెమెరా లోపల పెట్టేసినవాళ్ళని మాత్రం చూశాను.

ఒకరు చీకటి ఎక్కువైందంటారు, ఇంకొకరు అదే బాగుందంటారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరూ చూపించినచోటు ఒకటే కదా. ముందు అది పట్టించుకోండి. పరిష్కారం మీదే మనుషులు గొడవపడతారు, ఫోటోలో ఏదో జరుగుతున్న చోటుని మాత్రం చాలావరకు ఒకేలా పట్టుకుంటారు. ఆ చీకటి మీరు కావాలని పెట్టిందైతే ఇంకొంచెం పెంచి చూడండి, అనుకోకుండా వచ్చిందైతే తగ్గించండి. ఒక్కరే ఒక్కసారి చెప్పింది రాసిపెట్టుకుంటే చాలు. ముగ్గురు విడివిడిగా అదే మాట అంటే మాత్రం తప్పకుండా మార్చి చూడాలి.

పరిచయం లేనివాళ్ళకి చూపించవచ్చా? భయంగా ఉంటుంది.

భయంలో అర్థం ఉంది. ఫోటోలో ఇంటి నంబరు, పిల్లల స్కూలు యూనిఫాం, బండి నంబరు ప్లేటు, గోడ మీద పేరున్న సర్టిఫికెట్ కనపడకుండా చూసుకోండి. వెనక అద్దంలో ఏం కనపడుతోందో చూడండి. "ఇంకొన్ని పర్సనల్‌గా పంపండి, వివరంగా చెప్తాను" అన్నవాళ్ళకి పంపకండి. మంచి అభిప్రాయం చెప్పడానికి ముందున్న ఫోటో చాలు.

ఫోటోని ఎవరైనా మార్ఫింగ్ చేసినా, బెదిరించినా స్క్రీన్‌షాట్లు దాచుకుని సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, లేదా కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఇంట్లో తిడతారని ఆగిపోకండి. ఫోటో తీసుకోవడం తప్పు కాదు, దాన్ని వాడి బెదిరించడం నేరం.

పోటీలకి పంపితే అభిప్రాయం తెలుస్తుందా?

సాధారణంగా మార్కులు తెలుస్తాయి, కారణం తెలియదు. సెలాన్లు అనే ఫోటో పోటీల్లో జడ్జీలు వందల ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి చూసి అంకె వేస్తారు. నెమ్మదిగా విప్పుకునే ఇంటి స్వీయచిత్రానికి అక్కడ న్యాయం జరగడం కష్టం. అంకె తగ్గిందని దిగులుపడకండి.

అభిప్రాయమే కావాలంటే పోర్ట్‌ఫోలియో రివ్యూ మంచిది. హైదరాబాద్‌లో 2015లో మొదలైన ఇండియన్ ఫోటో ఫెస్టివల్ లాంటిచోట్ల ఇవి జరుగుతుంటాయి. అనుభవం ఉన్న ఒకరు మీ ఎదురుగా కూర్చుని మీ ఫోటోలే చూస్తారు. ఒకే ఆలోచన చుట్టూ తీసిన పది పన్నెండు ప్రింట్లు పట్టుకెళ్ళండి. మీరు మాట్లాడటం మొదలుపెట్టకముందు వాళ్ళు వాటిని ఏ వరసలో జరుపుతున్నారో చూడండి. వాళ్ళు పక్కన పెట్టేసినవి ఏవో, మళ్ళీ చేతిలోకి తీసుకున్నవి ఏవో గుర్తుపెట్టుకోండి. నోటితో చెప్పినదానికంటే కొన్నిసార్లు అదే ఎక్కువ చెప్తుంది.

చూపించడానికి నాకు ఎవరూ లేరు. నాకు నేనే చెప్పుకోవచ్చా?

చెప్పుకోవచ్చు, కానీ తీసిన రోజు కాదు. ఆ రోజు మీకు ఫోటో కనపడదు, పడ్డ శ్రమ కనపడుతుంది. కొన్ని రోజులు పోయాక ప్రింటు తీయించి, బీరువా తలుపుకి అంటించి, దాటేటప్పుడల్లా చూడండి. ఫోటోని తలకిందులు చేసి చూడటం కూడా పనికొస్తుంది. ముఖం గుర్తుపట్టే అలవాటు కాసేపు సడలి వెలుగు, చీకటి, ఆకారాలు మాత్రమే కనపడతాయి. ఏ మూల బరువెక్కిందో అప్పుడు తెలుస్తుంది.

ఇంకొకరు నన్ను అడిగితే ఎలా చెప్పాలి?

మీరు చూసింది చెప్పండి, వాళ్ళ గురించి మీకు తెలిసింది కాదు. "అలసిపోయినట్టున్నావు" అనకుండా "కళ్ళ కింద నీడ బాగా పడింది, అది కావాలనే పెట్టావా?" అనండి. ఏ చెయ్యి, ఏ మూల, ఏ నీడ అని వేలు పెట్టి చూపించండి. ఫోటోలో కన్నీళ్ళో, గాయమో, జబ్బుతో ఊడిన జుట్టో ఉంటే ముందు మనిషిని పలకరించండి. వాళ్ళకి ఆ రోజు కంపోజిషన్ గురించి వినాలని ఉందో లేదో అడిగి తెలుసుకోండి. చాలాసార్లు ఉంటుంది. అలాంటి ఫోటోని ఎవరైనా మామూలు ఫోటోలాగే, శ్రద్ధగా చూడాలని వాళ్ళు కోరుకుంటారు.